అభివృద్ధి, అడవి – శాస్త్రజ్ఞుల సంఘాలు ఏం చెప్పాలి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో, 1974 పదో తరగతి బ్యాచ్‌కు చెందిన విశ్రాంత జంతుశాస్త్ర ఆచార్యులు చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, "మీ సబ్జెక్టులో ఏదైనా మాట్లాడండి, కానీ భోజనాల వేళకు ముగించండి" అన్నారు. రెండో షరతు తప్పకుండా పాటిస్తాను. మొదటిదాని గురించి చాలా ఆలోచించాను. నలభై ఏళ్లు పక్షుల మీద, పొదల మీద పనిచేసినవాడిని. ఇక్కడ లెక్చరు చెప్తే మీరు మర్యాద కోసం వింటారు గానీ, మీకేం మిగలదు. అందుకే నిన్న రాత్రి వరకు విషయం తేల్చుకోలేకపోయాను.

నిన్న రాత్రి భోజనాల దగ్గర మా క్లాస్‌మేట్ ఒకాయన తేల్చిపెట్టాడు. బడిలో నా పక్క బెంచీ. ఇప్పుడు కాలువ కింద వరి పెడతాడు. విస్తరి ముందు కూర్చుని, అందరూ వినేలా అడిగాడు: "ఏమిరా, ఒక పిట్ట కోసరం కాలవే ఆపేస్తారంట గదా మీ సైంటిస్టులు? నీళ్లు లేక మనం పడిన పాట్లు నువ్వూ మర్చిపోయినావా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పడమే ఈ ఉదయం నా పని అనుకున్నాను.

ఆ పాట్లు నేను మర్చిపోలేదు. మనం చదువుకునే రోజుల్లో బడి బావి మార్చి నెలకే అడుగంటేది. బకెట్టు దించితే గచ్చు తగిలిన చప్పుడు వచ్చేది. మా నాయన వేరుశనగ వేసి, మబ్బు కోసం ఎదురుచూసి, పెట్టుబడి కూడా రాని ఏళ్లలో అప్పు తెచ్చి నాకు పరీక్ష ఫీజు కట్టాడు. కృష్ణా నీళ్లు మన వైపు వస్తాయంటే ఊళ్లో ఎవరూ నమ్మలేదు. మద్రాసు నగరానికి తాగునీరు ఇవ్వడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు వదులుకోవాలని 1976లో ఒప్పందం కుదిరింది. 1983లో తెలుగుగంగకు శంకుస్థాపన జరిగింది. దారిలో రాయలసీమకు, నెల్లూరుకు కలిపి 5.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలని ప్రణాళిక. మా అన్న పొలం పక్క కాలువలోకి మొదటిసారి నీళ్లొచ్చిన రోజు మా అమ్మ పసుపు కుంకుమ తీసుకుని గట్టు మీదికి వెళ్లింది. కాబట్టి నీళ్ల విలువ నాకు తెలియదని ఎవరూ అనుకోవద్దు.

ఇక ఆ పిట్ట సంగతి.

దాని పేరు కలివి కోడి. కలివి పొదలు మీకందరికీ తెలుసు. బడి ఎగ్గొట్టి గుట్టకు పోయి, చొక్కా జేబులు మరకలయ్యేలా కలివి పండ్లు తెచ్చుకున్న వాళ్లం మనం. ఆ పొదల మధ్య ఖాళీ నేల మీద రాత్రిపూట తిరిగే పక్షి ఇది. జానెడు కంటే కొంచెం పెద్దది, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు ఉంటాయి. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ అనే ఇంగ్లీషాయన ద్వారా 1848లో శాస్త్రలోకానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేశారు. 1986 జనవరిలో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, మన జిల్లా రెడ్డిపల్లె దగ్గర, పిట్టలు పట్టడంలో ఆరితేరిన ఒక స్థానికుడి సాయంతో దాన్ని మళ్లీ కనుగొన్నారు. ఎనభై ఆరేళ్ల తర్వాత! మనం ఆటలాడిన గుట్టల వెనకాలే! ప్రపంచంలో మరెక్కడా అది ఉన్నట్టు రుజువు లేదు. దాని కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

ఆ సొసైటీ గురించి ఒక మాట చెప్పాలి. 1883లో ఏర్పడిన సంఘం అది. మొదట్లో వేటగాళ్లు, కలెక్టర్లు, డాక్టర్లు తాము చూసిన జంతువుల గురించి చెప్పుకునే క్లబ్బులాంటిది. తర్వాత సలీం అలీ వంటి వారి చేతుల్లో పెద్ద శాస్త్ర సంస్థ అయింది. ఇలాంటి సంఘాలకు సర్కారు అధికారం ఉండదు. సైన్యం ఉండదు. సభ్యుల చందాలు, ఒక పత్రిక, ఏడాదికొక సమావేశం, అంతే. మన పూర్వ విద్యార్థుల సంఘం లాంటివే అనుకోండి. వాటికి ఉన్న ఒకే ఒక్క ఆస్తి, వాటి మాట మీద జనానికి ఉన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎప్పుడు, దేనికోసం ఖర్చు పెట్టాలన్నదే నేటి నా అంశం.

నూరేళ్ల తగాదా

ఈ తగాదా మన దగ్గర మొదలైంది కాదు. 1915లో అమెరికాలో జీవావరణ శాస్త్రజ్ఞులు ఎకలాజికల్ సొసైటీ ఆఫ్ అమెరికా పెట్టుకున్నారు. విక్టర్ షెల్ఫర్డ్ దానికి మొదటి అధ్యక్షుడు. అడవులు, గడ్డిభూములు ఇంకా చెడని చోట్లను కాపాడుకోవాలని ఆయన ఆధ్వర్యంలో సంఘంలోనే ఒక కమిటీ ఏర్పడింది. ఏ రాష్ట్రంలో ఏ చోట మిగిలి ఉందో జాబితాలు రాశారు. చట్టసభల సభ్యులకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. అక్కడే చిక్కొచ్చింది. "మనం పరిశోధన చేసేవాళ్లం. ఉద్యమం మన పని కాదు. ఒకసారి పక్షం తీసుకుంటే రేపు మన లెక్కలను ఎవరు నమ్ముతారు?" అని కొందరు సభ్యులు పట్టుబట్టారు. చివరికి సంఘం ఆ కమిటీని రద్దు చేసింది. షెల్ఫర్డ్, ఆయన మిత్రులు 1946లో బయటికొచ్చి ఎకాలజిస్ట్స్ యూనియన్ అని వేరే సంఘం పెట్టుకున్నారు. 1950లో అది పేరు మార్చుకుని ది నేచర్ కన్సర్వెన్సీ అయింది. ఇవాళ ప్రపంచంలో అతి పెద్ద ప్రకృతి సంరక్షణ సంస్థల్లో అదొకటి.

ఇందులో ఎవరిది తప్పు? నన్నడిగితే, ఇద్దరి భయమూ నిజమే. పక్షపాతి అని పేరుపడిన శాస్త్రజ్ఞుడి మాటకు విలువ పోతుంది. తెలిసీ చెప్పని శాస్త్రజ్ఞుడి మాట ఎవరికీ ఉపయోగపడదు.

ఇక్కడి దాకా తగాదా ఒక్కో అడవి గురించి, ఒక్కో చిత్తడి నేల గురించి. అసలు ప్రశ్న తర్వాత వచ్చింది. ఈ చోట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఎందుకు పోతున్నాయి? ఒకచోట ఆనకట్ట, ఒకచోట రోడ్డు, ఒకచోట గని, ఒకచోట కాలనీ. కారణాలు వేరువేరుగా కనిపిస్తాయి. అన్నిటినీ కలిపి చూస్తే, దేశపు మొత్తం ఉత్పత్తి, వినియోగం ఏటేటా పెరుగుతూ ఉండాలనే లక్ష్యమే కదా వెనక ఉన్నది?

1972లో 'ది లిమిట్స్ టు గ్రోత్' పుస్తకం వచ్చినప్పుడు ఈ ప్రశ్న లోకమంతా విన్నది. హెర్మన్ డేలీ అనే ఆర్థికవేత్త, ప్రపంచ బ్యాంకులో కూడా ఆరేళ్లు పనిచేసినాయన, జీవితమంతా దీన్నే అడిగాడు. కానీ వన్యప్రాణుల శాస్త్రజ్ఞులు చాలాకాలం "ఆర్థికశాస్త్రం మా సబ్జెక్టు కాదు" అని ఊరుకున్నారు. 2000లో బ్రయాన్ చెక్ అనే వన్యప్రాణి శాస్త్రజ్ఞుడు తమ సంఘం పత్రికలోనే ఒక వ్యాసం రాశాడు. వన్యప్రాణుల సంరక్షణకు అడ్డుపడుతున్న అసలు పరిమితి ఆర్థిక పెరుగుదలే అని అందులో వాదించాడు. ఆ సంఘం పేరు ది వైల్డ్‌లైఫ్ సొసైటీ, 1937 నుంచీ ఉన్నది. ఆ వాదన మీద సభ్యుల్లో పెద్ద చర్చే జరిగింది. 2003లో సంఘం ఆర్థిక పెరుగుదలకూ వన్యప్రాణి సంరక్షణకూ ఉన్న సంబంధం మీద ఒక సాంకేతిక సమీక్ష వెలువరించింది. అదే దశాబ్దంలో అమెరికాలోని మరికొన్ని వృత్తి సంఘాలు కూడా తమ వైఖరి ప్రకటించాయి. 2009లో ఎకలాజికల్ సొసైటీ ఆఫ్ అమెరికా కూడా ఒక ప్రకటన చేసింది. అరవై ఏళ్ల కిందట షెల్ఫర్డ్ కమిటీని రద్దు చేసిన సంఘమే అది! అయితే దాని మాట మెత్తగా ఉంది. ప్రకృతికి జరిగే నష్టాన్ని కూడా లెక్కల్లో చేర్చండి, ప్రకృతి మనకు చేసే మేలుకు విలువ కట్టండి అని సూచించింది. పెరుగుదలే అసలు సమస్య అన్నవారికి ఆ మెత్తదనం నచ్చలేదు. సమస్య లెక్క తప్పడంలో ఉందా, పెరగడంలోనే ఉందా అన్న వాదన ఇంకా తేలలేదు.

నేను నోరు విప్పని రోజు

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. బడికి వచ్చి గురువుల ముందు అబద్ధం చెప్పలేను.

చాలా ఏళ్ల కిందట నేను ఒక శాస్త్రజ్ఞుల సంఘం కార్యవర్గంలో ఉన్నాను. పేరు అనవసరం. ఒక యువ సభ్యురాలు తీర్మానం తెచ్చింది. దానిలో మూడే వాక్యాలు. ఇప్పుడు మనం కొలుస్తున్న పద్ధతిలో ఆర్థిక పెరుగుదలకూ జీవజాతుల మనుగడకూ మధ్య సంఘర్షణ ఉందని సంఘం గుర్తించాలి. దాన్ని ప్రజలకు చెప్పాలి. ప్రభుత్వానికి సలహా ఇచ్చేటప్పుడు దాచకూడదు. అంతే.

గదిలో ఇరవై మందిమి. ఒకాయన, "ఇది రాజకీయం" అన్నాడు. ఒకాయన, "మనకు గ్రాంట్లిచ్చేది ఎవరో మర్చిపోవద్దు" అన్నాడు. ఇంకొకాయన నా వైపు తిరిగి, "మీరు కరువు ప్రాంతం నుంచి వచ్చారు, మీరు చెప్పండి. పేదవాడికి పెరుగుదల వద్దని చెప్పే హక్కు మనకుందా?" అని అడిగాడు. నాకు మా నాయన, వేరుశనగ పొలం, అడుగంటిన బావి గుర్తొచ్చాయి. ఆ అమ్మాయి చెప్పింది నిజమని కూడా తెలుసు. ఏమీ మాట్లాడలేదు. టీ వచ్చింది. తీర్మానాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేశారు. వచ్చే సమావేశంలో అది ఎజెండాలోనే లేదు. ఎందుకు లేదని నేను అడగలేదు. ఆ అమ్మాయి మరుసటి ఏడు సభ్యత్వం పునరుద్ధరించుకోలేదు.

ఆ రోజు నేను చెప్పాల్సిన జవాబులు ఇప్పుడు చెప్తాను. ఆలస్యమే, కానీ మీరే నా సభ అనుకుంటాను.

మొదటిది, రాజకీయం అనే మాట. వరదొస్తుందని చెప్పేవాడు రాజకీయం చేయడు. గేట్లు ఎత్తాలా వద్దా అన్నది అధికారుల నిర్ణయం. నీటి మట్టం ఎంతుందో చెప్పకుండా దాచితే మాత్రం, అతను కూడా నిర్ణయంలో భాగమైనట్టే. శాస్త్రజ్ఞుల సంఘం మట్టం చెప్పాలి.

రెండోది, ఆర్థికశాస్త్రం మన సబ్జెక్టు కాదన్న మాట. నిజమే. కానీ ఆర్థిక లెక్కలో ఏం రాయకుండా వదిలేశారో చెప్పడం మన సబ్జెక్టే. ఒక గుట్ట వాలులో కలివి పొదలు కొట్టేసి నిమ్మతోట పెట్టారనుకోండి. పొక్లెయిన్ బాడుగ, బోరు ఖర్చు, మొక్కలు, పురుగుమందు, నిమ్మకాయల అమ్మకం, ఇవన్నీ దేశపు ఉత్పత్తి లెక్కలో చేరతాయి. అక్కడ మేసిన మేకలు, పొదల కింద ఇంకిన వాన, ఆ చోటు తప్ప మరో చోటు లేని పక్షి, వీటిని ఏ ఖాతాలోనూ తీసివేయరు. జమలు మాత్రమే రాసి ఖర్చులు రాయని ఖాతాను మన ఊళ్లో ఏ అంగడివాడైనా నమ్ముతాడా? ఆ లెక్క కట్టే పద్ధతికి ఆద్యుడైన సైమన్ కుజ్నెట్స్ కూడా, ఈ అంకెను బట్టి జాతి బాగోగులను నిర్ణయించలేమని 1934లోనే అమెరికా ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో హెచ్చరించాడు.

దీనికి ఆర్థికవేత్తల నుంచి ఒక జవాబు వస్తుంది. "కొత్త టెక్నాలజీ వస్తే తక్కువ నీటితో, తక్కువ నేలతో ఎక్కువ పండిస్తాం. ఇక సంఘర్షణ ఎక్కడిది?" అని. దాన్ని నేను తీసిపారేయను. కానీ మన పొలాల్లో ఏం జరిగిందో మీరే చెప్పండి. డ్రిప్ వేసుకున్నాం, నీళ్లు మిగిలాయి. మిగిలిన నీటిని బావిలో ఉంచామా? ఇంకో రెండెకరాలు వేశాం. బోరు ఇంకా లోతుకు పోయింది. జెవన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త 1865లో బొగ్గు గురించి ఇదే చెప్పాడు. పొదుపు చేసే యంత్రం వస్తే వాడకం తగ్గదు, పెరుగుతుందని. ఎక్కడ ఆగాలో ముందే అనుకుంటే తప్ప పొదుపు పొదుపుగా మిగలదు.

మూడోది, పేదవాడి ప్రశ్న. అన్నిటికంటే బరువైనది ఇదే. నన్ను నోరు మూయించింది కూడా ఇదే. దీనికి జవాబు కలివి కోడి కథలోనే దొరికింది.

కాలువ దారి మారిన కథ

1990ల చివర నుంచి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు లంకమల అడవిలో ఆ పక్షి గురించి ఓపికగా పనిచేశారు. రాత్రిపూట తిరిగే పిరికి పక్షి, చూడటమే కష్టం. అందుకని పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లవారి వెళ్లి కాలిగుర్తులు వెతికేవారు. కెమెరాలు కట్టారు. దాని కూత రికార్డు చేసి, సాయంత్రం మసక వేళ వినిపించి, జవాబు కోసం చెవులు రిక్కించి కూర్చునేవారు. వాళ్ల లెక్కలో తేలిందేమిటంటే, హెక్టారుకు పెద్ద పొదలు 300 నుంచి 700 వరకు ఉన్న పలుచటి చోట్లే దానికి ఇష్టం. మరీ దట్టమైనా ఉండదు, మరీ బోడి అయినా ఉండదు.

దీని అర్థం గమనించారా? మేకలు కాసేవాడు, కట్టెలు కొట్టుకునేవాడు మితంగా వాడుకుంటే ఆ పక్షికి ముప్పు లేదు. కొంతవరకు మేలే. పేదవాడికీ పక్షికీ పోట్లాట లేదు. మితం దాటినప్పుడు, మొత్తం చదును చేసినప్పుడు మాత్రమే అది పోతుంది. ఏళ్ల తరబడి మట్టి మీద కాలిగుర్తులు లెక్కపెట్టినవాళ్లు చెప్పారు గనక ఈ మాట మనకు తెలిసింది. ఊహతో చెప్పే మాట కాదిది.

2005లో తెలుగుగంగ కాలువ పనులు ఆ పక్షి తిరిగే చోటికే వచ్చాయి. అభయారణ్యం లోపల యంత్రాలు మట్టి తవ్వేశాయి. సొసైటీ వాళ్లు చూశారు. అటవీ శాఖ పనులు ఆపింది. విషయం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది.

మా క్లాస్‌మేట్ నిన్న అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. వినరా, కాలువ ఆపమని ఎవరూ అనలేదు. "నీళ్లు వద్దు" అనే కాగితం ఎక్కడా లేదు. ఈ పక్షి ఇక్కడ ఉంది, ఇదిగో కాలిగుర్తులు, ఇదిగో కూత, ఇదిగో మ్యాపు. కాలువ ఇటు కాక అటు పోతే నీళ్లూ వస్తాయి, పక్షీ మిగులుతుంది. సొసైటీ చెప్పింది ఇదే. కాలువ దారి మారింది. నీ పొలానికి నీళ్లొచ్చాయి. నీ వరి పక్షి వల్ల ఎండిపోలేదు.

కేరళలో సైలెంట్ వ్యాలీ విషయంలోనూ ఇంతే. కుంతిపుళ నది మీద ఆనకట్ట కట్టి కరెంటు తీస్తామన్నప్పుడు, కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు వాళ్లు పాటలు పాడి, ఊరేగింపులు చేసి ఊరుకోలేదు. కరెంటు ఎంతొస్తుంది, ఎవరికొస్తుంది, వేరే దారిలో ఎలా తెచ్చుకోవచ్చు అని లెక్కలు వేసి పుస్తకం అచ్చువేశారు. అడవి 1984లో నేషనల్ పార్కు అయింది. కేరళ చీకట్లో మునిగిపోలేదు.

కథ ఇక్కడితో ముగిస్తే మీరు చప్పట్లు కొట్టొచ్చు. కానీ ముగియలేదు. కాలువ దారి మారింది గానీ, ఆ తర్వాత కొన్నేళ్లకే కలివి కోడి కంటికి కనపడటం మానేసింది. 2008 తర్వాత దాన్ని ఎదురుగా చూసి ఫొటో తీశామని నిలబెట్టి చెప్పినవారు నాకు తెలిసినంతలో లేరు. ఎన్ని బృందాలు, ఎన్ని కెమెరాలు, ఎన్ని రాత్రులు! ఒక్క కాలువ మీద గెలిచాం. అభయారణ్యం చుట్టూ పొదలు చదునైపోతూనే ఉన్నాయి. ఒకరిది తోట, ఒకరిది క్వారీ, ఒకరిది ప్లాట్లు. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ పెద్ద నేరం కాదు. ప్రతివాడికీ బిడ్డ పెళ్లో, కొడుకు ఫీజో ఉంటుంది. అన్నీ కలిసి పొద అనేదే లేకుండా చేస్తాయి.

అమెరికా సంఘాలు 2000 తర్వాత ఎందుకు పెద్ద ప్రశ్న ఎత్తుకున్నాయో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఒక్కో కాలువ దగ్గర వాదిస్తూ పోతే ఒక్కో కాలువే గెలుస్తాం. మొత్తం ఎటు పోతోందో చెప్పేవాడు కూడా ఒకడు ఉండాలి. ఆ పని ఒంటరి శాస్త్రజ్ఞుడు చేస్తే ఉద్యోగం పోతుంది, లేదా పిచ్చివాడంటారు. సంఘం చేస్తే కనీసం వింటారు. సంఘం అనేది ఉన్నదే అందుకు. నాకు గ్రాంటు పోతుందని భయమేసిన రోజున నా వెనక నిలబడటానికి సంఘం కావాలి. నేను ఆ అమ్మాయి వెనక నిలబడలేదు.

పెరగడం, ఎదగడం

పిల్లలకు ఒక మాట చెప్పి ముగిస్తాను. తెలుగులో మనకు రెండు మాటలున్నాయి, పెరగడం, ఎదగడం. నువ్వు ఇరవై ఏళ్ల దాకా పొడవు పెరుగుతావు. తర్వాత కూడా పెరుగుతూనే ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. ఎదగడానికి మాత్రం వయసు పరిమితి లేదు. దేశానికీ అంతే. తిండి, ఇల్లు, మందు, చదువు లేనివారికి అవి అందేదాకా పెరగాల్సిందే. నా దేశంలో ఆ పని పూర్తి కాలేదు, అందుకే పెరుగుదల వద్దని నేననను. కానీ ఎవరికోసం, ఎంతవరకు, దేన్ని తిని పెరుగుతున్నామో ప్రతి ఏడూ లెక్క చెప్పమని అడుగుతాను. డేలీ లాంటివారు చెప్పింది కూడా దాదాపు ఇదే. ఒక హద్దు దాటాక పరిమాణం పెంచకుండా గుణం పెంచుకోవచ్చని.

ఈ బడినే చూడండి. నేను చదివినప్పుడు రెండు పెంకుటిళ్లు, ఒక రేకుల షెడ్డు. ఆ రేకుల షెడ్డు నుంచే ఇందరు డాక్టర్లు, టీచర్లు, ఇంజనీర్లు, మంచి రైతులు వచ్చారు. గదులు పెరిగినందుకు సంతోషమే. కానీ ఇక్కడ చదువు ఎలా ఉందని అడిగితే గదుల సంఖ్య చెప్పి ఊరుకోం కదా!

మా సైన్సు సారు మమ్మల్ని ఏడాదికోసారి గుట్ట మీదికి తీసుకెళ్లేవారు. ఏ చెట్టు పేరు ఏమిటో ఊళ్లోవాళ్లనే అడిగి నోటుబుక్కులో రాయించేవారు. నా మొదటి పరిశోధన అదే. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో నలభై మూడు మొక్కలు, పంతొమ్మిది పక్షుల పేర్లు ఉన్నాయి. రెండేళ్ల కిందట అదే గుట్ట ఎక్కి మళ్లీ వెతికాను. పక్షుల్లో పదకొండే దొరికాయి. నా కళ్లు ముసలివయ్యాయి గనక అని కొంత తగ్గించుకున్నా, లెక్క సరిపోదు.

అందుకే సంఘానికి ఒక విన్నపం. ప్రయోగశాలలో ఒక పెద్ద రిజిస్టరు పెడదాం. ప్రతి ఏడూ డిసెంబరులో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు గుట్ట ఎక్కి, ఏ మొక్క ఉంది, ఏ పక్షి ఉంది, ఏ వాలు చదునైంది, ఏ బావిలో నీళ్లెన్ని అడుగుల లోతులో ఉన్నాయి అని రాయాలి. సంతకాలు పెట్టాలి. దాని నకలు పంచాయతీ ఆఫీసుకు, అటవీ రేంజి ఆఫీసుకు పంపాలి. ఎవరినీ తిట్టక్కర్లేదు, ఏ పనీ ఆపమనక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు రాసి పంపితే చాలు. పదేళ్లు క్రమం తప్పకుండా రాస్తే, ఏ కంట్రాక్టరు వచ్చినా, ఏ ఆఫీసరు వచ్చినా ముందు ఆ రిజిస్టరు చూడాల్సి వస్తుంది. శాస్త్రజ్ఞుల సంఘం చేసే పని కూడా ఇంతకంటే పెద్దదేం కాదు.

రిజిస్టరు ఖర్చు, పిల్లల గుట్ట ప్రయాణం రోజు భోజనం ఖర్చు మా 1974 బ్యాచ్ భరిస్తుంది. నిన్న రాత్రి నన్ను ప్రశ్న అడిగిన మిత్రుణ్ణి ఇందాక టిఫిను దగ్గర కలిశాను. మొదటి ఏడు భోజనాలకు బియ్యం తన కాలువ పొలం నుంచే ఇస్తానన్నాడు. మాట మీద ఉంటాడని నా నమ్మకం. బడిలో ఉన్నప్పుడు కూడా ప్రశ్న అడిగినవాడే ముందు లేచి నిలబడేవాడు.

భోజనాల వేళ అయింది.